తాళం లేని రాత

పని తెలిసినవారి దగ్గర పనిముట్లతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా ఉంటుంది. దర్జీ దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది. వంటమేస్త్రీ దగ్గర వందమందికి ఎంత పప్పు, ఎంత నూనె అన్న లెక్కల పుస్తకం ఉంటుంది. ఏ బోల్టుకు ఏ పానా పడుతుందో రాసిపెట్టుకున్న నోటుబుక్కు ఫిట్టరు చొక్కా జేబులో ఉంటుంది. ఇవి గ్రంథాలు కావు, వీటిని ఎవరూ అచ్చు వేయరు. అవసరం పడినప్పుడు తీసి చూసుకుంటారు. కుర్రవాడు ఎదిగి కొలత మారితే దర్జీ పాతదాన్ని ఒక గీతతో కొట్టివేసి, పక్కనే కొత్తది రాసుకుంటాడు.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇటువంటి పుస్తకం కావాలి. ప్రోగ్రాము రాయడమంటే ప్రతిసారీ మొదటి నుంచి సృష్టించడం కాదు. ఇచ్చిన సంవత్సరం లీపు సంవత్సరమా కాదా తేల్చడం, పేర్ల పట్టికను అకారాది క్రమంలో అమర్చడం, ఫైలు తెరిచి వరుసగా చదవడం వంటి చిన్న పనులు ఎన్ని ప్రోగ్రాములలోనైనా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. ఐదారు పంక్తుల ఈ కోడ్ తునకలను స్నిప్పెట్లు అంటారు. అనుభవజ్ఞులు వీటిని ఒకచోట దాచి ఉంచుకొని, కావలసినప్పుడు తీసి అతికించుకుంటారు. దాచుకోవాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఎక్కడ, ఏ రూపంలో దాచాలన్న దగ్గరే అభిప్రాయాలు వేరవుతాయి. ఇందుకోసం ప్రత్యేకంగా తయారైన సాఫ్ట్‌వేర్లున్నాయి. రంగురంగుల తెరలతో, వర్గీకరణలతో అవి ఆకర్షణీయంగానే ఉంటాయి. అయినా ఈ తునకలను ఎవరైనా తెరిచి చదవగల, నేరుగా దిద్దగల సాదా టెక్స్ట్ ఫైళ్ళలోనే ఉంచుకోవాలని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు సాంకేతిక గ్రంథాల వల్ల కలగలేదు, శుభలేఖల వల్ల కలిగింది.

విశాఖపట్నం చేరకముందు రైలు ఆగే స్టేషన్లలో సింహాచలం ఒకటి. బోర్డు మీద ఉన్నది అప్పన్న కొండ పేరే గాని, ఆ స్టేషను ఉన్నది గోపాలపట్నంలో. కొత్తవారు అక్కడ దిగి గుడి ఏదని వెతుక్కోవడం మాకు అలవాటైన దృశ్యం. ఇంటర్మీడియట్ పరీక్షలు రాసిన వేసవిలో, ఆ ప్రాంతంలోని ఒక డీటీపీ దుకాణంలో నేను టైపు చేయడానికి కుదురుకున్నాను. దాని యజమానిని అందరం మాస్టారూ అని పిలిచేవాళ్ళం. పెళ్ళి, గృహప్రవేశం, ఓణీల వేడుక, పెద్దకర్మ వంటి ప్రతి సందర్భానికీ ఆయన దగ్గర తెలుగు పాఠాలు సిద్ధంగా ఉండేవి. ‘మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ.’ అన్న దగ్గర ఖాళీ, ‘సుముహూర్తమునకు’ అన్న దగ్గర ఖాళీ. పేర్లు, తేదీలు, కల్యాణ మంటపం చిరునామా నింపితే పది నిమిషాలలో శుభలేఖ తయారయ్యేది. స్నిప్పెట్ అన్న మాట అప్పటికి నేను వినలేదు గాని, అవన్నీ అచ్చంగా అటువంటి తునకలే. ఒక్కొక్కటీ ఆయన ఏళ్ళ తరబడి దిద్దుకున్నది. ఒకసారి ఒక పెద్దాయన వచ్చి ఒక సమాసంలో తప్పు చూపిస్తే, మాస్టారు అప్పటికప్పుడు ఫైలు తెరిచి సరిచేసి, ఆయనకు టీ తెప్పించారు.

ఆ తెలుగు ఫాంటుకు ఒక తాళం ఉండేది. కంప్యూటరు వెనుక, ప్రింటరు తీగ తగిలించే చోట బిగించే బొటనవేలంత పరికరమది. అది ఉంటేనే తెలుగు కనిపించేది. కొన్నేళ్ళకు కంప్యూటరు చెడిపోయింది. కొత్తగా కొన్నదానికి వెనుక ఆ తాళం తగిలించే రంధ్రమే లేదు. ఫాంటు అమ్మిన సంస్థకు ఫోను చేస్తే ఎత్తినవారు లేరు. ఫైళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. కాని ఏది తెరిచినా ఇంగ్లీషు అక్షరాలూ, విరామ చిహ్నాలూ, డాలరు గుర్తులూ కలగలిసిన రాత కనిపించేది. అందులో ఏది పెళ్ళి పాఠమో ఏది పెద్దకర్మ పాఠమో తెలిసే మార్గం లేకపోయింది. మాస్టారు ఇంటి అటక మీది పాత శుభలేఖల కట్టలు దింపించి, వాటిని చూసి మొదటినుంచి టైపు చేయించారు. అచ్చయిన కాగితం మిగిలింది గాని, కంప్యూటరులోని ప్రతి మిగలలేదు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆ కట్టలు విప్పుతూ నేనూ రెండు రోజులు ఆయన పక్కన కూర్చున్నాను.

ఇది ఒక దుకాణానికి మాత్రమే జరిగినది కాదు. 1990లలో, ఆ తరువాత కొంతకాలం తెలుగునాట కంప్యూటరులో రాసినదానిలో చాలా భాగం ఇదే స్థితికి వచ్చింది. కారణం తెలుసుకోదగినది. కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా ఎరుగదు, దానికి తెలిసింది సంఖ్యలే. అమెరికాలో 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలున్నాయి. ఇంగ్లీషు మొదటి పెద్ద అక్షరం అందులో 65. తెలుగుకు అక్కడ చోటు లేదు. భారతీయ లిపుల కోసం ఇస్కీ అన్న ప్రమాణాన్ని మన దేశం 1991లో ప్రకటించినా, అచ్చుపనికి వాడే ఫాంటులు ఆ దారి పట్టలేదు. ఒక్కొక్క సంస్థ తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ తెలుగు అక్షరాలను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తనకు తోచిన క్రమంలో కూర్చోబెట్టింది. కాబట్టి ఫైలులో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఫాంటు అనే ముసుగు ఉన్నంతసేపు తెలుగుగా కనిపించిన మరేదో. పైగా ఒక సంస్థ క్రమం మరొక సంస్థకు పనికిరాదు. ఆ పాఠాలను పుటలుగా కూర్చిన పేజ్‌మేకర్ ప్రోగ్రాముకు చివరిదైన ఏడవ వెర్షను 2001లో వచ్చింది. ఆ తరువాత దానికి మరో వెర్షను రాలేదు.

1991లోనే వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు కేటాయించింది. అకారం సంఖ్య 3077, కకారం సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలోనైనా ఆ సంఖ్య మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అన్న తెలుగు ఫాంటు ఉండడంతో సామాన్యులకు కూడా ఈ మార్గం తెరుచుకుంది. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభించిన వెన్న నాగార్జున, పాత ఫాంటుల రాతను యూనికోడులోకి మార్చే ‘పద్మ’ అన్న ఉపకరణాన్ని కూడా తయారుచేశారు. అటువంటివారి శ్రమ వల్ల చాలా రచనలు బయటపడ్డాయి. అయితే మార్పిడి పట్టిక ఎవరూ తయారుచేయని ఫాంటులలో రాసినవి అలాగే మిగిలిపోయాయి. మాస్టారి ఫాంటు ఆ కోవలోదే.

ఈ వరుసలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. 1990ల తొలినాళ్ళలో, అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన తెలుగువారు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతిని రూపొందించారు. తెలుగు ధ్వనులను ఇంగ్లీషు కీబోర్డు మీద ఉన్న అక్షరాలతోనే ఒక నియమం ప్రకారం రాసే పద్ధతి అది. ఎ, ఎమ్, ఎమ్, ఎ అని నాలుగు అక్షరాలు కొడితే ‘అమ్మ’ అని అర్థం. ఆర్టీఎస్ అని దానికి పేరు. ఆ రాతను తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము ‘రిట్’. చూపులకు ఆ రాత అందంగా ఉండదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో చూడడమేమిటని విసుక్కున్నవారిలో నేనూ ఉన్నాను. కాని ఆ పద్ధతిలో రాసిన ఫైలును ఈనాడు ఏ కంప్యూటరులో తెరిచినా, నియమం తెలిసినవారు కళ్ళతోనే చదువుకోగలరు. తప్పుంటే అక్కడికక్కడే దిద్దగలరు. యూనికోడులోకి మార్చడమూ కష్టం కాదు. తెరమీద నిండు తెలుగులో మెరిసిన ఫైళ్ళు మూగవైపోగా, వికారంగా కనిపించినవి మాట్లాడుతూనే ఉన్నాయి. వాటిలో ఏ ముసుగూ లేకపోవడమే కారణం.

కోడ్ తునకల విషయంలోనూ నేను చూసేది దీనినే. ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేరు నా తునకలను తన సొంత రూపంలో దాచుకుంటే, అది బతికి ఉన్నంతకాలం అంతా సవ్యంగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్లు మనుషులకంటే ముందుగా వృద్ధాప్యంలో పడతాయి. పెద్ద సంస్థ కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఎందరో ప్రోగ్రామర్లు తమ కోడును ఉంచుకున్న గూగుల్ కోడ్ సేవను ఆ సంస్థ 2016 జనవరిలో మూసివేసింది. ముందుగా చెప్పి, తీసుకువెళ్ళడానికి గడువు ఇచ్చిన మాట నిజమే. అది కొందరి చెవిన పడింది, కొందరి చెవిన పడలేదు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. చదవగలగడం వేరు, దిద్దగలగడం వేరు. సింహాచల దేవాలయంలో 1098–99 నాటి నుంచి శాసనాలున్నాయి. శ్రీకృష్ణదేవరాయల శాసనమూ ఉంది. దీపాలకూ నైవేద్యాలకూ ఇచ్చిన దానాల వివరాలు రాతిమీద ఉన్నాయి. లిపి నేర్చినవారు తొమ్మిది వందల ఏళ్ళ తరువాత కూడా వాటిని చదువుతున్నారు. కాని ఉలి జారి అక్షరం తప్పితే అది తప్పుగానే నిలుస్తుంది. శాసనానికి అది దోషం కాదు, ఎవరూ దిద్దలేకపోవడమే దాని ప్రయోజనం. మన తునకలకు కావలసింది శాసనం గుణం కాదు, దర్జీ పుస్తకం గుణం.

ఈ తేడా కంప్యూటరు ఫైళ్ళలోనూ కనిపిస్తుంది. 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరును ఈనాడు విద్యార్థులు విరివిగా వాడుతున్నారు. అది స్నిప్పెట్లను జేసన్ అనే పద్ధతిలో, సాదా టెక్స్ట్ ఫైలులోనే ఉంచుతుంది. తెరిస్తే చదవవచ్చు, అంతవరకు మెచ్చుకోదగినదే. కాని కోడులోని ప్రతి పంక్తినీ ఉల్లేఖన చిహ్నాల మధ్య బంధించి, పంక్తికి పంక్తికి నడుమ కామా పెట్టాలి. కోడులోనే ఉల్లేఖన చిహ్నముంటే దాని ముందు ఒక వాలుగీత చేర్చాలి. ఒక్క కామా తప్పితే ఫైలు గాడి తప్పుతుంది. పది పంక్తుల తునకను ఇలా బంధించి, మళ్ళీ విప్పి, దిద్ది, మళ్ళీ బంధించడం నేను చేసి చూశాను. దారంతో కుట్టేసిన జేబులో నోటుబుక్కు పెట్టుకోవడం లాంటిదది. ఈమాక్స్ ఎడిటరుకు అనుబంధమైన యాస్నిప్పెట్ పద్ధతి ఇంతకంటే మేలైనది. ఒక్కొక్క తునకకు ఒక్కొక్క ఫైలు. పైన పేరు, పిలిచే సంకేతం, కింద ఒక విభజన గీత, ఆ తరువాత కోడు ఉన్నది ఉన్నట్టుగా. దిద్దదలచుకుంటే తెరిచి దిద్దడమే.

సాదా ఫైలు వల్ల మరో లాభముంది. నా ఉద్దేశంలో తెలుగు విద్యార్థికి ఇదే ముఖ్యమైనది. తునక పక్కన వ్యాఖ్య రాసుకోవచ్చు, అదీ తెలుగులోనే రాసుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ మూడవ వెర్షను నుంచి ఆ భాషలో రాసిన ఫైలును యూనికోడుగానే పరిగణిస్తారు. కాబట్టి వ్యాఖ్యలలో తెలుగుకు ఎటువంటి అడ్డంకీ లేదు. ‘ఇది ఎందుకు ఇలా రాశాను’ అన్న ప్రశ్నకు సమాధానాన్ని మనం ఆలోచించే భాషలో రాసుకుంటే, ఆరు నెలల తరువాత చూసినా అర్థమవుతుంది. కోడు ఏం చేస్తుందో కోడే చెబుతుంది. ఎందుకు చేస్తుందో మనమే చెప్పాలి.

వ్యతిరేక వాదన లేకపోలేదు, అది తీసివేయదగినదీ కాదు. తునకలు వేల సంఖ్యకు చేరితే ఫైళ్ళ గుట్టలో వెతకడం కష్టమనీ, డేటాబేసు అయితే క్షణంలో తీసి ఇస్తుందనీ కొందరంటారు. పదిమంది ఒకేసారి వాడే పెద్ద సంస్థలలో అది నిజం. బ్యాంకు ఖాతాలను టెక్స్ట్ ఫైళ్ళలో నడపమని నేను కూడా చెప్పను. కాని ఒక మనిషి జీవితకాలంలో కూడబెట్టే తునకలు ఎన్ని? కొన్ని వందలు. వాటిలో ఒక మాటను వెతకడానికి 1973లో యూనిక్స్‌లో వచ్చిన గ్రెప్ అన్న చిన్న ప్రోగ్రాము నేటికీ చాలు. నిన్నటి ప్రతికి, నేటి ప్రతికి మధ్య ఏ పంక్తి మారిందో చూపడానికి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ ఉంది. ఇవి రెండూ ఫైలులో ఉన్నది సాదా రాత అయినప్పుడే మనకు అక్కరకు వస్తాయి.

సాదా ఫైలుకు ఉన్న అసలైన ప్రమాదం వేరే ఉంది. ఎవరైనా చదవగలగడమే దాని గుణం కనుక, రహస్య సంకేతపదాలను, అంటే పాస్‌వర్డులను, అందులో ఎన్నడూ రాయకూడదు. కోడులో పాస్‌వర్డును అలాగే వదిలేసి, ఆ తునకను పదిమందికీ పంచి చిక్కులు కొనితెచ్చుకున్నవారు ఉన్నారు. వాటికి తాళమున్న చోటే తగినది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు చెట్లూ స్తంభాలూ కూలి నగరం రోజుల తరబడి చీకటిలో ఉండిపోయింది. ఫోను, నెట్ సౌకర్యాలు కూడా దెబ్బతిన్నాయి. మా వీధికి కరెంటు వచ్చాక కూడా కొంతకాలం నెట్ రాలేదు. తమ రాతలను దూరాన ఉన్న సర్వర్లలో మాత్రమే ఉంచుకున్నవారు వాటికోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. నా ఫైళ్ళు నా దగ్గర ఉన్న ల్యాప్‌టాపులోనే ఉన్నాయి. గొప్పగా చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. వర్షపు నీరు ఆ ల్యాప్‌టాపులోకే చేరి ఉంటే నాకు మిగిలేది శూన్యం. అప్పటినుంచి ఒక ప్రతిని ఇంట్లో, మరొక ప్రతిని వేరే ఊరిలో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచుతున్నాను. టెక్స్ట్ ఫైళ్ళు కనుక అన్నీ కలిపి ఒక ఫోటో ఆక్రమించే స్థలమైనా ఆక్రమించవు.

ఇప్పుడే ప్రోగ్రాములు నేర్చుకుంటున్నవారు దీనికోసం కొనవలసిందేమీ లేదు. కంప్యూటరులో ఒక ఫోల్డరు, తునకకు ఒక ఫైలు, ఫైలుకు అర్థమయ్యే పేరు ఉంటే చాలు. పేరు పెట్టడంలో మాత్రం బద్ధకం పనికిరాదు. ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అని పేర్లు పెట్టి, తరువాత వాటిలో ఏది చివరిదో తేల్చుకోలేక తల పట్టుకోవడం నేను అనుభవించాను.

నా ఫోల్డరులో అన్నిటికంటే పాతది లీపు సంవత్సరం తునక. మొదట దానిని తప్పుగా రాశాను. నాలుగుతో భాగింపబడితే లీపు సంవత్సరమని రాసి ఊరుకున్నాను. 2000 సంవత్సరం ఆ తప్పును బయటపెట్టలేదు. ఎందుకంటే తప్పు సూత్రమూ సరైన సూత్రమూ ఆ సంవత్సరం విషయంలో ఒకే జవాబు ఇస్తాయి. 1900 సంవత్సరంతో లెక్క వేసిన ఒకనాడు ఒక రోజు ఎక్కువ వచ్చింది. అప్పుడు ఫైలు తెరిచి, వందతో భాగింపబడితే కాదు, నాలుగు వందలతో భాగింపబడితే మళ్ళీ అవును అన్న రెండు షరతులూ చేర్చి, పక్కన తెలుగులో కారణం రాశాను. ఆ ఫైలు నాలుగు కంప్యూటర్లు మారింది. ఆ మధ్య మా వీధిలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయికి దానిని ఇచ్చాను. వారం తరువాత తిరిగి పంపింది. నా వ్యాఖ్యలో ఒక అక్షరదోషాన్ని దిద్ది, దాని కింద మరో పంక్తి చేర్చింది: ‘2100తో కూడా పరీక్షించాను. కాదు అనే వచ్చింది, సరిపోయింది.’